ఎలక్ట్రిక్ కారా? హైబ్రిడ్ కారా? ఇంటి మీటరు చూసి తేల్చుకోండి

మిర్చి, పత్తి డబ్బులు చేతికి రాగానే కారు కొనాలనే ఆలోచన ఖమ్మం పల్లెల్లోనూ ఎక్కువైంది. షోరూముకు వెళితే పెట్రోలు, డీజిలు కార్లతో పాటు ఎలక్ట్రిక్, హైబ్రిడ్ అని చూపిస్తున్నారు. ఏది మేలో తెలియక చాలామంది తికమకపడుతున్నారు. పక్కింటివాళ్లు ఏం కొన్నారన్నది కాదు, మన ఇంటి కరెంటు ఎలా ఉంది, రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతామన్నది ముందు చూసుకోవాలి.

ఏది ఏమిటి?

ఎలక్ట్రిక్ కారుకు ఇంజను ఉండదు. బ్యాటరీ, మోటారుతోనే నడుస్తుంది. హైబ్రిడ్‌లో ఇంజను, మోటారు రెండూ ఉంటాయి. ఇందులో మళ్లీ రెండు రకాలు. ప్లగ్-ఇన్ హైబ్రిడ్‌ను ఇంట్లో చార్జింగు పెట్టుకోవచ్చు. చార్జి ఉన్నంతవరకు కరెంటుతో, తర్వాత పెట్రోలుతో పోతుంది. మన దేశంలో ఇవి ఎక్కువగా ఖరీదైన కార్లలోనే వచ్చాయి. 2022లో వచ్చిన టయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా హైబ్రిడ్ రకాలకు ప్లగ్గు ఉండదు. పెట్రోలు పోయాల్సిందే. బ్రేకు వేసినప్పుడు, ఇంజను నడిచేటప్పుడు బ్యాటరీ దానంతటదే చార్జి అవుతుంది.

ప్లగ్గు ఉన్నా రోజూ చార్జింగు పెట్టకపోతే లాభం లేదు. యూరోపియన్ కమిషన్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2021లో రిజిస్టరైన ప్లగ్-ఇన్ కార్లు రోడ్డు మీద వదిలిన కార్బన్ డయాక్సైడు పరీక్షల్లో చూపినదానికి సగటున మూడున్నర రెట్లు ఉంది. అనుకున్నంత తరచుగా చార్జింగు పెట్టకపోవడమే ఇందుకు ముఖ్య కారణం.

ఖర్చు లెక్క

నెలకు 1,200 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. చిన్న ఎలక్ట్రిక్ కారు 100 కిలోమీటర్లకు మీటరు దగ్గర సుమారు 16 యూనిట్లు తాగుతుంది. అంటే 192 యూనిట్లు. యూనిట్ 9 రూపాయల చొప్పున 1,728 రూపాయలు. హైబ్రిడ్ కారు లీటరుకు 20 కిలోమీటర్లు ఇస్తే 60 లీటర్లు కావాలి. లీటరు 108 రూపాయల లెక్కన 6,480 రూపాయలు. నెలకు 4,752 రూపాయలు తేడా. రెండు కార్ల ధరల తేడాను ఈ మొత్తంతో భాగిస్తే ఎన్ని నెలల్లో తీరుతుందో తేలిపోతుంది. తిరుగుడు తక్కువైతే ఆ తేడా ఎన్నేళ్లకూ తీరదు.

పన్నుల సంగతీ చూసుకోవాలి. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతమే. 2025 సెప్టెంబరులో మారిన రేట్ల ప్రకారం హైబ్రిడ్‌కు సైజును బట్టి 18 లేదా 40 శాతం. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను మినహాయిస్తూ 2026 డిసెంబరు 31 వరకు గడువు పెట్టింది. కొనే రోజున ఆ మినహాయింపు వర్తిస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.

బావి కరెంటు వద్దు

ఉచిత కరెంటు ఉంది కదా అని బావి దగ్గర మోటారు లైను నుంచి కారుకు చార్జింగు పెట్టకండి. ఆ కనెక్షను పంటకు నీళ్లు పెట్టడానికే. వేరే పనికి వాడితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో వసూలు చేస్తారు. గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్న మీటరుకు కారు తగిలిస్తే నెలకు 200 యూనిట్లు దాటడం ఖాయం. అప్పుడు ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

ఇంటి దగ్గర జాగ్రత్తలు

* చార్జరు సుమారు 3 కిలోవాట్ల లోడు తీసుకుంటుంది. కారు కొనకముందే విద్యుత్ శాఖ వారికి దరఖాస్తు చేసి లోడు పెంచుకోండి.
* మీటరు నుంచి విడిగా మందమైన రాగి తీగ లాగించి 16 ఆంపియర్ల సాకెట్, ఎంసీబీ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ వైరు వాడకండి.
* ఎర్తింగు సరిగా లేకపోతే షాకు ప్రమాదం. చాలా చార్జర్లు పనే చేయవు. వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుండాలి.
* సాయంత్రం వోల్టేజి పడిపోయే ఊళ్లలో రాత్రి 10 దాటాక చార్జింగు పెట్టండి. 60 కిలోమీటర్ల తిరుగుడుకు మూడున్నర గంటలు చాలు.

ఎవరికి ఏది?

సొంత ఇల్లు, కారు పెట్టుకునే జాగా ఉండి, రోజుకు 60, 80 కిలోమీటర్లలోపు తిరిగేవారికి ఎలక్ట్రిక్ కారు లాభమే. 30 యూనిట్ల బ్యాటరీ కారు ఒక చార్జికి 200 కిలోమీటర్లకు అటూ ఇటూ పోతుంది. ఖమ్మం నుంచి హైదరాబాదు కూడా దాదాపు అంతే దూరం. కాబట్టి దారిలో ఒకసారి ఆగి చార్జింగు పెట్టుకోక తప్పదు. వారానికి రెండు మూడుసార్లు అంత దూరం పోయేవారికి, కరెంటు నిలకడ లేని ఊళ్లవారికి, అద్దె ఇంట్లో ఉండేవారికి హైబ్రిడ్ మేలు.

అడ్వాన్సు కట్టేముందు నెల రోజులపాటు ఎన్ని కిలోమీటర్లు తిరిగారో, ఊళ్లో కరెంటు ఎన్ని గంటలు పోయిందో కాగితం మీద రాసుకోండి. ఏ కారు కొనాలో దాన్ని బట్టి మీకే తెలుస్తుంది.