పన్ను లేకున్నా రిటర్ను వేయాలా?

పన్ను పడని చిన్న ఆదాయానికి రిటర్ను ఎందుకని చాలామంది వదిలేస్తారు. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో ఆ పరిమితి 4 లక్షల రూపాయలు.

ఒక దర్జీ ఏదైనా కంపెనీకి యూనిఫారాలు కుట్టి ఏడాదికి 3 లక్షల బిల్లు చేశాడనుకుందాం. కంపెనీ 1 శాతం, అంటే 3,000 రూపాయలు టీడీఎస్‌గా కోసి ప్రభుత్వానికి జమచేస్తుంది. అతనికి వేరే ఆదాయం లేకుంటే కట్టవలసిన పన్ను సున్నా. ఆ సొమ్ము అతనిదే, కానీ రిటర్ను వేస్తేనే తిరిగివస్తుంది. పాన్ ఇవ్వకుంటే కోత 20 శాతం.

అప్పుకు వెళ్తే బ్యాంకులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతాయి. అవి లేనివాడు వడ్డీ వ్యాపారి గడప తొక్కుతాడు.

టీడీఎస్ కోత, అప్పు అవసరం రెండూ లేనివారు సాధారణంగా వేయకున్నా నష్టం లేదు. అయితే ఏడాదిలో లక్షకు మించి కరెంటు బిల్లు కట్టినవారు తప్పక వేయాలి. లేని ఖర్చులు చూపి రిఫండు ఇప్పిస్తామనే దళారులను నమ్మరాదు. నోటీసు వచ్చేది పాన్ ఎవరిదో వారికే.

దాతలారా, మీకు తెలిసిన చిరు సంపాదనపరుల పాన్ మీద ఎంత టీడీఎస్ జమయిందో ఆదాయపు పన్ను పోర్టల్‌లో చూసిపెట్టండి. అక్కడ రిటర్ను దాఖలుకు రుసుము లేదు. సాయం చేసే ముందు, వారి సొమ్ము వారికి చేరేలా చూద్దాం.