బదిలీ వచ్చేలోగా ఒక బొప్పాయి చెట్టు

పిల్లలూ! శ్రీ విజయపురంలో (2024 దాకా పోర్ట్ బ్లెయిర్) మన క్వార్టర్ల వెనుక బొప్పాయిలు పండితే అన్నీ ఒకేసారి పండుతాయి. కొన్ని తింటాం, కొన్ని పక్కింటికి ఇస్తాం. మిగిలినవి చెట్టు కిందే కుళ్ళిపోతాయి. కానీ ఒక్కో పండులో వందల గింజలుంటాయి. వాటితో కాలనీ తోట వేయడం నేర్చుకుందాం.

గింజలు: బాగా పండిన పండులోంచి తీయాలి. గింజ చుట్టూ ఉండే జిగురు పొర మొలకను అడ్డుకుంటుంది. అందుకే బూడిదతో రుద్ది, కడిగి, నీడలో ఆరబెట్టాలి.

కుండీ: కళ్ళున్న కొబ్బరి చిప్ప తీసుకుని, మెత్తని కన్నును పొడిస్తే నీరు పోయే దారి సిద్ధం. మట్టి నింపి రెండు గింజలు వేయండి. రెండు మూడు వారాల్లో మొలుస్తాయి. ఖాళీ చిప్పలను బోర్లించి ఉంచండి, లేకపోతే వాన నీటిలో దోమలు పెరుగుతాయి.

నాటడం: హైదరాబాదులో ఏటా సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఇక్కడ సుమారు 3,000 మిల్లీమీటర్లు కురుస్తుంది. నీరు నిలిస్తే బొప్పాయి వేళ్ళు కుళ్ళుతాయి. కాబట్టి మట్టిని దిబ్బగా పోసి, దిబ్బకు మూడు మొక్కలు నాటండి. మూడెందుకు? మగ చెట్టు పూలు పొడవాటి కాడలకు గుత్తులుగా వేలాడతాయి. ఆడ పూలు కాండానికి ఆనుకుని పూస్తాయి. పూత వచ్చాక కాయ కాసే చెట్టు ఒక్కటి ఉంచి మిగిలినవి తీసేయాలి. తోట మొత్తానికి ఒకటి రెండు మగ చెట్లు చాలు.

ఎరువు: కుళ్ళిన పండ్లను మొక్క మొదట్లో వేయకండి. గుంటలో ఒక వరస పండ్లు, రెండు వరసలు ఎండుటాకులు వేసి, వారానికోసారి తిరగేయండి. మూడు నాలుగు నెలల్లో ఎరువవుతుంది.

మామిడి టెంక నాటితే కాపుకు ఐదారేళ్ళకు పైనే పడుతుంది. అప్పటికి మనం ఏ ఊళ్ళో ఉంటామో! బొప్పాయి మాత్రం తొమ్మిది పది నెలల్లో కాపుకొస్తుంది. బదిలీ అయితే చెట్టును మూట కట్టుకుని పోలేం, నేర్చిన పని మాత్రం మన వెంటే వస్తుంది. నాటిన తేదీ, పూత తేదీ ఒక నోటుబుక్కులో రాసి, మీ తర్వాత ఆ క్వార్టర్లోకి వచ్చే పిల్లలకు ఇచ్చి వెళ్ళండి.

చేసి చూడండి: కడిగిన గింజలు పది, కడగనివి పది వేరువేరుగా విత్తండి. మూడు వారాల తర్వాత ఎన్నెన్ని మొలిచాయో లెక్కపెట్టి, కారణం రాయండి.