బరువు మోయడం, బరువు ఆపడం: సరకు పనిలో పికప్ బండి

పాఠం 8

8.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పికప్ బండి ఆర్.సి. చూసి అందులో ఎంత సరకు వేయవచ్చో లెక్కకట్టగలుగుతారు;
• బండి లాగగల బరువుకూ, ఆపగల బరువుకూ ఉన్న తేడాను వివరించగలుగుతారు;
• సరకును ఎక్కడ, ఎలా సర్దాలో చెప్పగలుగుతారు;
• చెడిపోయిన బండిని గానీ, ట్రెయిలర్‌ను గానీ లాగేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు తెలుసుకుంటారు;
• అధిక బరువు వల్ల కలిగే లాభనష్టాలను బేరీజు వేయగలుగుతారు.

8.1 పరిచయం

గుజరాత్‌లోని సూరత్ నగరంలో లింబాయత్, ఉధ్నా ప్రాంతాలకు వెళితే వీధుల్లో తెలుగు మాటలు వినిపిస్తాయి. పూర్వపు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి ఎన్నో పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల పని కోసం అక్కడికి వలస వెళ్లాయి. మగ్గం కూలి చాలకో, వయసు పైబడి రాత్రి షిఫ్టు చేయలేకో, అప్పు తీసుకొని పికప్ బండి కొని కిరాయికి నడుపుకుందామన్న ఆలోచన ఇలాంటి ఇళ్లలో వస్తూ ఉంటుంది. మీ ఇంట్లో కూడా వచ్చి ఉండవచ్చు.

బండి కొనేటప్పుడు అందరూ అడిగే ప్రశ్న, ‘ఇది ఎంత లాగుతుంది?’ అని. దానికంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: ‘ఇది ఎంత బరువుతో భద్రంగా ఆగుతుంది?’ ఈ పాఠమంతా ఆ రెండో ప్రశ్న గురించే. దీనికి డ్రైవింగు తెలిసి ఉండనక్కరలేదు. కూడిక, తీసివేత, భాగహారం వస్తే చాలు.

8.2 సూరత్‌లో సరకు ప్రయాణం

మన ఊళ్ల దుకాణాల్లో దొరికే సూరత్ చీర మడత విప్పే ముందు ఎన్నిసార్లు బండి ఎక్కి దిగిందో ఊహించండి. ముందు నూలు పెట్టెలు మగ్గాల షెడ్డుకు రావాలి. పడుగు చుట్టిన బీములు రావాలి. నేసిన ముడిగుడ్డను అక్కడ ‘తాకా’లుగా లెక్కిస్తారు; మనం ‘తాను’ అనే మాటకు అది దగ్గరది. ఆ తాకాలు రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలోని వ్యాపారులకు చేరతాయి. అక్కడి నుంచి రంగు, అద్దకం కోసం పాండేసరా, సచిన్, కడోదరా, పల్సానా వైపు మిల్లులకు పోతాయి. తయారైన గుడ్డ మళ్లీ రింగ్ రోడ్డుకు వస్తుంది. చివరికి పార్శిళ్లుగా కట్టి ట్రాన్స్‌పోర్టు గోదాములకు చేరుస్తారు.

ఇవన్నీ పొట్టి ప్రయాణాలు, తరచుగా జరిగే ప్రయాణాలు. సందుల్లో తిరగాలి కాబట్టి పెద్ద లారీ పనికిరాదు. వందల కిలోల సరకు కాబట్టి ఆటో చాలదు. ఈ మధ్య స్థానంలోనే చిన్న సరకు బండ్లు నిలిచాయి. టాటా సంస్థ 2005లో విడుదల చేసిన ‘ఏస్’ బండిని జనం ‘చోటా హాథీ’ అని పిలుచుకున్నారు. దానికంటే పెద్దవి బొలెరో పికప్, టాటా యోధా వంటివి. ఇసుజు సంస్థ డి-మాక్స్ పికప్‌ను మన ఆంధ్రప్రదేశ్‌లోనే, శ్రీసిటీలో 2016లో ప్రారంభమైన కర్మాగారంలో తయారు చేస్తోంది.

8.3 ఆర్.సి.లో చూడవలసిన రెండు అంకెలు

బండి అమ్మేవారి మాట, పక్క డ్రైవరు అనుభవం, రెండూ వినండి. కానీ లెక్క మాత్రం ఆర్.సి.లోని అంకెలతోనే చేయండి. ఆ అంకెలు రెండు.

(అ) ఖాళీ బరువు: సరకు లేనప్పుడు బండి బరువు. మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచనం ప్రకారం ఇందులో డ్రైవరు బరువు గానీ, సహాయకుని బరువు గానీ చేరదు. ఈ సంగతి చాలామంది గమనించరు.

(ఆ) మొత్తం బరువు: బండి, మనుషులు, సరకు, అన్నీ కలిసి దాటకూడని హద్దు.

ఉదాహరణ: ఒక బండి మొత్తం బరువు 2,950 కి.గ్రా., ఖాళీ బరువు 1,650 కి.గ్రా. అనుకుందాం.

2,950 – 1,650 = 1,300 కి.గ్రా.

‘అయితే 1,300 కిలోల సరకు వేయవచ్చు’ అనుకుంటే పొరపాటు. డ్రైవరు 70, సహాయకుడు 60, తార్పాలిన్, తాళ్లు 20 కిలోలు అనుకోండి. మొత్తం 150 కిలోలు తీసివేయాలి.

1,300 – 150 = 1,150 కి.గ్రా.

ఇదీ సరకుకు మిగిలేది. ఒక్కొక్క బీము 220 కిలోలు ఉంటే, ఐదు బీములకు 1,100 కిలోలు. హద్దు లోపలే ఉన్నాం. ఆరో బీము వేస్తే 1,320 అవుతుంది. హద్దు కంటే 170 కిలోలు ఎక్కువ.

తూకం వేయకుండా కంటితో అంచనా కట్టే అలవాటు మంచిది కాదు. గుడ్డ మూట చూడడానికి మెత్తగా ఉంటుంది గానీ బరువు ఉంటుంది. వానకు తడిస్తే ఆ బరువు ఇంకా పెరుగుతుంది. మొదటిసారి వేసే సరకును తూనికల కాటా మీద తూయించి, ఆ అంకెను చిన్న పుస్తకంలో రాసి పెట్టుకోండి. మళ్లీ అదే సరకు వచ్చినప్పుడు ఊహతో పని ఉండదు.

పాఠగత ప్రశ్నలు 8.1

1. ఖాళీ బరువులో డ్రైవరు బరువు కలిసి ఉంటుందా?
2. ఒక బండి మొత్తం బరువు 2,800, ఖాళీ బరువు 1,600 కి.గ్రా. ఇద్దరు మనుషులు 130, తాళ్లు, తార్పాలిన్ 20 కి.గ్రా. ఒక్కొక్కటి 35 కి.గ్రా. ఉన్న నూలు పెట్టెలు ఎన్ని వేయవచ్చు?

8.4 ఇంజను లాగుతుంది, మరి ఆపేది?

ఇలాంటి మాటలు మీరు వినే ఉంటారు:

‘‘ఇంకొక్క బీము ఎక్కించు బావా, బండి గుంజుతది.’’
‘‘గుంజుతది గని, పాలం దిగేటప్పుడు ఆగాలె గదా బావా?’’

ఈ రెండో ప్రశ్నలో శాస్త్రం ఉంది. మొదటి గేరులో నెమ్మదిగా కదిలించడానికి ఇంజనుకు తన హద్దు దాటిన బరువు కూడా అంత కష్టమనిపించదు. అందుకే ‘బండి మోస్తోంది’ అన్న భ్రమ కలుగుతుంది. పరీక్ష ఆపేటప్పుడు మొదలవుతుంది.

కదిలే బండిలో ఉండే శక్తిని బ్రేకులు వేడిగా మార్చి ఆపుతాయి. వేగం అదే ఉండి బరువు రెట్టింపైతే ఈ శక్తి రెట్టింపవుతుంది. బరువు అదే ఉండి వేగం రెట్టింపైతే శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కి.మీ. నుంచి 60 కి.మీ.కు వెళ్లామంటే, బ్రేకుల పని నాలుగింతలైందన్నమాట.

దీనికి తోడు, ప్రమాదం చూసి కాలు బ్రేకు మీద పడేలోపు బండి కదులుతూనే ఉంటుంది. ఆ ఆలస్యం ఒక్క సెకను అనుకున్నా, గంటకు 40 కి.మీ. వేగంలో బండి సుమారు 11 మీటర్లు, 60 కి.మీ. వేగంలో సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. బ్రేకు పట్టడం ఆ తరువాతి మాట.

సూరత్‌లో ఎత్తైన వంతెనలు, ఫ్లైఓవర్లు ఎక్కువ. దిగుడులో ఎక్కువసేపు బ్రేకు నొక్కి ఉంచితే అది వేడెక్కి పట్టు తగ్గుతుంది. కాబట్టి దిగుడు మొదలయ్యే ముందే తక్కువ గేరులోకి రావాలి. అప్పుడు ఇంజను కూడా వేగాన్ని అదుపు చేస్తుంది. బండిని న్యూట్రల్‌లో వదిలి దిగడం డీజిలు పొదుపు కాదు, ప్రాణంతో చెలగాటం. వానాకాలంలో తడి రోడ్డు మీద టైర్ల పట్టు తగ్గుతుంది కనుక ముందు బండికి దూరం ఇంకా పెంచాలి.

కొందరు వెనక కమాన్ కట్టకు అదనపు పట్టీలు వేయిస్తారు. బండి కుంగకుండా నిలుస్తుంది, నిజమే. కానీ పట్టీ వేసినంత మాత్రాన బ్రేకు పెద్దదవుతుందా? ఇరుసు గట్టిపడుతుందా? టైరు మోసే హద్దు పెరుగుతుందా? ఏదీ మారదు. ఆర్.సి.లోని అంకె కూడా మారదు. బండి కుంగడం ఒక హెచ్చరిక. పట్టీ ఆ హెచ్చరికను దాచిపెడుతుంది, అంతే.

8.5 సరకు సర్దే పద్ధతి

హద్దులోని బరువైనా సరిగా సర్దకపోతే ప్రమాదమే. ఈ నాలుగు అంశాలు గుర్తుంచుకోండి.

1. బరువైనవి ముందు: బరువైన సరకును వెనక ఇరుసుకు ముందు భాగంలో, క్యాబిన్ గోడకు ఆనించి పెట్టాలి. బరువంతా ఇరుసు వెనక పడితే ముందు చక్రాలు తేలికవుతాయి. స్టీరింగు తిప్పినా బండి మాట వినదు.

2. బరువైనవి కింద: పెట్టెలు, బీములు అడుగున, తేలిక మూటలు పైన ఉండాలి. బరువు ఎత్తుకు పోయేకొద్దీ మలుపులో బండి ఒరిగే అవకాశం పెరుగుతుంది.

3. ఎడమ కుడి సమానం: ఒకవైపు బరువు ఎక్కువైతే ఆ వైపు టైర్లకు, కమాన్లకు శ్రమ ఎక్కువ. బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

4. కదలకుండా కట్టు: బీము గుండ్రనిది, దొర్లుతుంది. రెండు వైపులా చెక్క చీలలు కొట్టి, ఆపైన తాడు బిగించాలి. బ్రేకు బండినే ఆపుతుంది. కట్టని సరకు అదే వేగంతో ముందుకు దూసుకువస్తుంది. అడ్డుగా ఉండేది డ్రైవరు వీపే. సరకు మీద కూలీలను కూర్చోబెట్టి తీసుకుపోకూడదన్నది కూడా ఇందుకే.

కొద్ది దూరం పోయాక బండి ఆపి తాళ్లు మళ్లీ చూడండి. గుడ్డ మూటలు అణగడంతో మొదట బిగించిన తాడు వదులవుతుంది.

8.6 లాగుకొని వెళ్లడం

మన దేశంలో ట్రెయిలర్ అనగానే ట్రాక్టరు గుర్తుకు వస్తుంది. పికప్ వెనక ట్రెయిలర్ అరుదు. అమెరికా, ఆస్ట్రేలియా వంటి దేశాల్లో ఇది మామూలే. అక్కడి లెక్క ఒకటి మనకు మంచి పాఠం చెబుతుంది. ఆస్ట్రేలియాలో అమ్మే ఇసుజు డి-మాక్స్ ఇటీవలి రకాలు చాలావరకు, సొంత బ్రేకులున్న ట్రెయిలర్ అయితే 3,500 కి.గ్రా. వరకు లాగవచ్చు. బ్రేకులు లేని ట్రెయిలర్ అయితే 750 కి.గ్రా. మాత్రమే. ఇంజను అదే, బండి అదే. హద్దు మాత్రం దాదాపు అయిదో వంతుకు పడిపోయింది. ఎందుకు? లాగే బలం తగ్గలేదు. ఆపే బలం తగ్గింది.

ట్రెయిలర్ సరకు కూడా ముందుకే కొంచెం మొగ్గాలి. ట్రెయిలర్ మొత్తం బరువులో సుమారు పదో వంతు కొక్కెం మీద ఆనాలన్నది సాధారణ సూత్రం. బరువు వెనక్కి పోతే ట్రెయిలర్ తోకలా ఊగి బండిని కూడా ఊపేస్తుంది. కొక్కెం మీద ఆనే బరువును పికప్ మోసే బరువులోంచి తీసివేయాలని మరవకండి. మన చట్టంలో ట్రెయిలర్ కూడా మోటారు వాహనమే. దానికీ రిజిస్ట్రేషన్ ఉండాలి.

మీకు తరచుగా ఎదురయ్యేది వేరే పని: దారిలో చెడిపోయిన తోటివారి బండిని లాగడం. 1989 నాటి రహదారి నియమాలు ఇలాంటప్పుడు వేగం గంటకు 24 కి.మీ. మించకూడదనీ, రెండు బండ్ల మధ్య ఎడం 5 మీటర్లు మించకూడదనీ, లాగబడే బండి వెనక ఆ సంగతి తెలిపే ఫలకం ఉండాలనీ చెప్పాయి. వాటి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగు నిబంధనలు వచ్చాయి. వేగం తగ్గించాలన్న హేతువు మాత్రం మారలేదు: వెనక బండి ఇంజను ఆగిపోయి ఉంటుంది కనుక బ్రేకుకు అందే సాయం ఉండదు. పెడలు రాయిలా గట్టిపడుతుంది. పవర్ స్టీరింగు బరువెక్కుతుంది. అందువల్ల:

• వెనక బండిలో లైసెన్సు ఉన్న మనిషే కూర్చోవాలి;
• తాళం చెవి తీయకూడదు, తీస్తే స్టీరింగు బిగుసుకుపోవచ్చు;
• తాడును బండి చట్రానికి ఉన్న కొక్కేనికే కట్టాలి, బంపరుకు కాదు;
• తాడు మధ్యలో ఎర్రగుడ్డ కట్టాలి;
• తాడు బిగిసేటప్పుడు దగ్గర ఎవరూ నిలబడకూడదు, తెగితే కొరడాలా కొడుతుంది;
• బ్రేకులు చెడిన బండిని తాడుతో లాగనే కూడదు, క్రేన్ బండిని పిలవాలి.

పాఠగత ప్రశ్నలు 8.2

1. వేగం గంటకు 40 నుంచి 60 కి.మీ.కు పెరిగితే బ్రేకులు ఆపవలసిన శక్తి ఎన్ని రెట్లవుతుంది?
2. 900 కి.గ్రా. ట్రెయిలర్‌కు కొక్కెం మీద సుమారు ఎంత బరువు ఆనాలి?
3. లాగబడే బండిలో తాళం చెవి ఎందుకు తీయకూడదు?

8.7 చట్టం, సంపాదన

మొత్తం బరువు 7,500 కి.గ్రా. మించని బండిని చట్టం తేలిక మోటారు వాహనంగా లెక్కిస్తుంది. ఆ లైసెన్సు ఉన్నవారు అంతవరకు బరువున్న రవాణా బండిని కూడా నడపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. మొత్తం బరువు 3,000 కి.గ్రా. మించని సరకు బండికి పర్మిట్ అవసరం లేదు. బండి ఎంచుకునేటప్పుడు ఈ అంకెలు గుర్తుంచుకోండి.

అధిక బరువుకు 2019 సవరణ తరువాత చట్టంలోని జరిమానా 20,000 రూపాయలు. ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు. ఎక్కువైన సరకును దింపించే ఖర్చు కూడా మనదే. సరకు బండి పక్కలకు, వెనక్కు పొడుచుకువచ్చినా 20,000 రూపాయల జరిమానా ఉంది.

ఇప్పుడు ఆరో బీము లెక్క చూద్దాం. దానికి అదనంగా 150 రూపాయల కిరాయి వస్తుందనుకోండి. ఒక్కసారి పట్టుబడితే ఆ 20,000 తిరిగి రాబట్టడానికి ఆరో బీముతో 134 సార్లు తిరగాలి. టైర్లు, బ్రేకు లైనింగులు, క్లచ్ త్వరగా అరిగే ఖర్చు ఈ లెక్కలో లేదు. కిస్తీ కట్టవలసిన బండి గ్యారేజీలో నిలిచిన రోజుల కూలీ లేదు. రోడ్డు దాటే మనిషి ప్రాణానికి ఖరీదు ఎలాగూ కట్టలేం.

‘నేను కాదంటే మరొకడు వేసుకుపోతాడు’ అన్న భయం నిజమైనదే. దానికి జవాబు మొదటే మాట్లాడుకోవడం. కిరాయి ఒప్పుకొనేటప్పుడే ‘నా బండికి ఐదు బీములు, ఆరోది రెండో ట్రిప్పు’ అని స్పష్టంగా చెప్పండి. తరచుగా బరువు ఎక్కువయ్యే పనే దొరుకుతుంటే పెద్ద బండి చూసుకోవాలి. చిన్న బండి చేత పెద్ద పని చేయించడం పొదుపు కాదు.

8.8 మీరేం నేర్చుకున్నారు

• మొత్తం బరువులోంచి ఖాళీ బరువు, మనుషులు, సామగ్రి బరువు తీసివేస్తే సరకుకు మిగిలేది తెలుస్తుంది.
• బండి హద్దును నిర్ణయించేది ఇంజను ఒక్కటే కాదు. బ్రేకులు, ఇరుసు, టైర్లు కూడా.
• వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లు.
• బరువు ముందుకు, కిందకు, సమానంగా ఉండాలి, కదలకుండా కట్టాలి.
• లాగేటప్పుడు నెమ్మది ముఖ్యం.

8.9 పాఠాంత ప్రశ్నలు

1. కమాన్ కట్టకు పట్టీలు వేయించినా బండి హద్దు ఎందుకు పెరగదు? వివరించండి.
2. బ్రేకులున్న ట్రెయిలర్‌కూ, లేని ట్రెయిలర్‌కూ హద్దులు వేరుగా ఎందుకు ఉంటాయి?
3. కృత్యం: మీకు తెలిసిన బండి యజమాని అనుమతితో ఆర్.సి. చూడండి. ఆ బండిలో వేయదగిన సరకు లెక్కకట్టి, ఆయన రోజూ వేసే సరకుతో పోల్చండి. తేడా ఉంటే ఆయనతో చర్చించండి.

8.10 పాఠగత ప్రశ్నలకు జవాబులు

8.1
1. ఉండదు.
2. 2,800 – 1,600 = 1,200; 1,200 – 150 = 1,050; 1,050 ÷ 35 = 30 పెట్టెలు.

8.2
1. 60 ÷ 40 = 1.5, 1.5 × 1.5 = 2.25 రెట్లు.
2. సుమారు 90 కి.గ్రా.
3. స్టీరింగు బిగుసుకుపోయి బండి తిరగకపోవచ్చు.