గొంగడి మగ్గమునకు మూలము గొర్రెల మంద

నూలు నేతవారికి ప్రత్తిచేను ఎట్టిదో, గొంగడి నేతవారికి గొర్రెల మంద అట్టిది. బళ్లారి, చిత్రదుర్గము మెట్టలు మొదలు తెలంగాణము, మహారాష్ట్రముల వరకు కాపరులు మేపు దక్కనీ గొర్రెయే మన నల్ల ఉన్నికి ఆధారము. కావున మంద పోషణను గూర్చి నేతవారు తెలిసికొని, ఉన్ని కొనునపుడు కాపరులకు చెప్పవలసిన సంగతులను క్రింద వ్రాయుచున్నాము.

1. పొట్టేలు: మాంసమునకు ధర హెచ్చుటచే అనేక మందలలో నెల్లూరు పొట్టేళ్లను దింపిరి. అవి బరువైనవే, కాని ఆ జాతికి ఉన్ని లేదు. వాటికి పుట్టిన పిల్లలలో వడుకుటకు తగిన ఉన్ని తగ్గిపోవును. నల్ల ఉన్ని దట్టముగా నుండి, త్వరగా ఎదిగిన దక్కనీ పొట్టేలినే ఏరి ఉంచవలెను. 25, 30 గొర్రెలకు ఒకటి చాలును. రెండేండ్ల కొకసారి దానిని వేరొక మందతో మార్చుకొననిచో తన కూతుళ్లనే దాటును, పిల్లలు నీరసించును.

2. మేత: చూడి అయిదు నెలలు. కడుపులోని పిల్ల చివరి ఆరు వారములలోనే ఎక్కువగా ఎదుగును. ఆ దినములలో బయటి మేతకు తోడు ఉలవపొట్టు, తుమ్మకాయలు, గుప్పెడు జొన్నలు పెట్టవలెను. ఈనిన గంటలోపల పిల్లకు ముర్రుపాలు త్రాగింపవలెను. మహారాష్ట్రములోని ఫల్టణ్‌లో నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థవారు బెంగాలు గరోల్ గొర్రెల కవల ఈతల గుణమును దక్కనీ గొర్రెలలోనికి తెచ్చిరి. అయినను తల్లికి మేత చాలనిచో రెండవ పిల్ల దక్కుట కష్టము.

3. రోగములు: చిటుక రోగమునకు ఏటేట తొలకరికి ముందే టీకా వేయింపవలెను. పారుడు రోగపు టీకా సుమారు మూడేండ్లు కాపాడును. ఏ టీకా అయినను మంద మొత్తమునకు వేయింపవలెను. తొలకరికి ముందొకసారి, వానలు వెళ్లిన పిదప ఒకసారి నట్టల మందు పట్టింపవలెను.

4. ఉన్ని: పస్తుండిన గొర్రెకును, జబ్బు పడిన గొర్రెకును ఆ దినములలో పెరిగిన ఉన్ని సన్నబడి, ఏకునపుడును వడుకునపుడును తెగును. మగ్గముమీద మనము పడు చిక్కులలో కొన్ని మందలోనే పుట్టినవి. కత్తెరకు ముందు గొర్రెలను కడిగి ఆరనిచ్చి, ముండ్లు, పల్లేరుకాయలు ఏరి, నలుపును తెలుపును వేరుచేయవలెను.

ఇంత శ్రమకు ఫలము కనబడవలెను గదా! ఉన్ని ధర కత్తెర కూలికైనను చాలనిచోట కాపరి నల్ల పొట్టేలిని ఏల ఉంచును? కావున మన సంఘములు కత్తెరకు ముందే ధర చెప్పవలెను. శుభ్రమైన నల్ల ఉన్నికి హెచ్చు ధర ఇయ్యవలెను. కాపరి యెదుటనే తూచి, సొమ్ము అప్పుడే చెల్లింపవలెను. కాపరికి ఉన్నివలన నాలుగు రూకలు మిగిలిననే మన మగ్గమునకు నూలు దొరకును.