రామయ్య పక్కన జానమ్మ

ఏమే చెల్లీ, వనజీవి రామయ్య పేరు తెలియని ఇల్లు మన వైపు ఉండదు కదా. ఖమ్మం పక్కన రెడ్డిపల్లి ఆయనది. మెడలో ‘వృక్షో రక్షతి రక్షితః’ బోర్డు, జేబుల నిండా గింజలు, సైకిల్ మీద నాటడానికి మొక్కలు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 2025 ఏప్రిల్ 12న గుండెపోటుతో పోయాడు, 87 ఏళ్ళ వయసులో. ఆ రోజు ఏ టీవీ పెట్టినా ఆయన ముచ్చటే. నా చూపు మాత్రం పాత ఫొటోల్లో ఆయన పక్కన నిలబడ్డ భార్య జానమ్మ మీదికే పోయింది.

మగవాడు ఊరందరికీ పంచిపెట్టే గుణమున్నవాడైతే ఇంట్లో ఆడదాని బతుకెట్లా ఉంటుందో నీకు చెప్పాలా? మన చుట్టాల్లోనే ఉన్నారుగా, అడిగినవాడికల్లా చేబదుళ్ళిచ్చి, ఇంట్లో బియ్యం డబ్బా అడుగంటినా పట్టించుకోనివాళ్ళు. అట్లాంటిది, ఉన్న మూడెకరాలూ అమ్మి గింజలు, మొక్కలు కొంటానంటే మన ఇళ్ళల్లో ఏమవుతుంది? పుట్టింటికి కబురు పోతుంది, పెద్దమనుషులు పంచాయితీకి కూర్చుంటారు. రామయ్య అమ్మాడు. జానమ్మ ఆయన వెంటే నడిచింది. రోడ్ల వెంట, కాలవ గట్ల వెంట గింజలు ఏరడం, ఎండబెట్టడం, మూటలు కట్టి వానల కోసం దాచడం, అన్నిట్లో ఆమె చెయ్యి ఉంది. దీన్ని త్యాగం అనడం నాకు నచ్చదు. ఆమెకూ ఆ పిచ్చి పట్టి ఉండాలి, లేకపోతే అన్నేళ్ళు సాగదే!

ఆ పిచ్చికి విత్తనం వేసింది కూడా ఒక ఆడమనిషే. రామయ్య వాళ్ళమ్మ కూరగాయల విత్తనాలు మరుసటేడుకు దాచిపెట్టేదట. అది చూస్తూ పెరిగాడాయన. మన నాయనమ్మలూ అంతే కదా. గుమ్మడి గింజల్ని పచ్చి పేడముద్దలో గుచ్చి గోడకు కొట్టేవాళ్ళు. ముదిరిన బీరకాయను తీగమీదే ఎండనిచ్చి దూలానికి వేలాడగట్టేవాళ్ళు. పప్పు గింజలకు బూడిద కలిపి కుండకెత్తేవాళ్ళు, పురుగు పట్టకుండా. తొలకరి పడగానే పక్కింటి వదినకో గుప్పెడు, ఆడబిడ్డకో గుప్పెడు. దానికి దానధర్మం అని పేరు పెట్టుకోలేదు ఎవరూ. ఇప్పుడు పది గింజల ప్యాకెట్టు కొనుక్కుని, పక్కింటావిడ అడుగుతుందేమోనని అల్మారాలో దాస్తున్నాం.

కోటికి పైగా మొక్కలు నాటాడంటారు. ‘ఎవరు లెక్కపెట్టారు?’ అని మీ బావగారు దీర్ఘం తీశారు. అరవై ఏళ్ళనుకుని భాగిస్తే రోజుకు నాలుగొందల యాభై పైచిలుకు! మొక్కకో గొయ్యి తవ్వే లెక్కయితే కుదరదు నిజమే. ఆయన గట్టు వెంట గుప్పెళ్ళతో గింజలు చల్లుకుంటూ పోయే మనిషి కదా, అట్లా చల్లినవాడికి చీటీ రాసుకునే తీరికెక్కడిది? అంకె సంగతి మగవాళ్ళు తేల్చుకోనీ, కానుగలూ మారేళ్ళూ నిలబడి ఉన్నాయి, అది చాలు నాకు.

ఇంకో సంగతి. 2022లో మొక్కలకు నీళ్ళు పొయ్యడానికి పోతూ రోడ్డు దాటుతుంటే రామయ్యను బండి గుద్దింది. అప్పటికే ఎనభై దాటిన ఒళ్ళు. ఆసుపత్రి మంచం మీద నుంచే, గుద్దినవాడి మీద కేసు వద్దు, వాడితో వంద మొక్కలు నాటించండి అన్నాడు. పెళ్ళికి పిలిస్తే మొక్క పట్టుకుని వెళ్ళేవాడు. మనవరాళ్ళకూ చెట్లపేర్లు, పూలపేర్లే పెట్టుకున్నాడు. నవ్వేవాళ్ళు నవ్వారు. పిచ్చి రామయ్య అన్న నోళ్ళే పద్మశ్రీ వచ్చాక రామయ్యగారు అన్నాయి, లోకం సంగతి నీకు తెలియనిదా. అయితే పద్మశ్రీ ఒక్కరికే వచ్చింది చూడు. జంటగా చేసిన పనికి జంటగానే ఇచ్చి ఉంటే ఎవరి సొమ్ము పోయేది?

సరే గానీ, జూన్‌లో మీ వీధి చివర వేపపళ్ళు రాలతాయిగా, చీపురుతో ఊడ్చి చెత్తబండిలో పోయకు. పండిన వాటిని ఏరి, నీళ్ళలో వేసి పిసికి, గుజ్జు పోయాక నీడలో ఆరబెట్టు. ఎండలో పెట్టకు. వేపగింజకు ఆయుష్షు తక్కువ, కొన్ని వారాలు దాటితే మొలవదు. నేరేడుదీ అదే తంతు, పండు తిన్న వారంలోపే మట్టిలో పడాలి. చింతగింజకు తొందరేం లేదు, దాచుకోవచ్చు, నాటేముందు రాత్రంతా నానబెడితే చాలు. పాలప్యాకెట్లు కడిగి దాచి ఉంచు, అడుగున చిల్లు పొడిచి మట్టి నింపుదాం. శ్రావణమాసం పేరంటానికి వచ్చిన వాళ్ళకు జాకెట్టుముక్కతో పాటు ఒక్కో మొలక చేతిలో పెడదామని ఉంది. మీ అత్తగారు ఏమంటారో ముందే అడిగి ఉంచు, ఆవిడ ‘ఊ’ అంటే వీధిలో సగం ఇళ్ళు ఒప్పుకున్నట్టే!