కాపరి గల గొఱ్ఱె: 23వ కీర్తన పాఠము



మన బాలబాలికలలో 23వ కీర్తన నోటికి రానివారు అరుదు. ఆరు వచనములే గనుక పసితనమందే కంఠస్థమగును. కంఠస్థమైనదానిని గూర్చి మన మాలోచింపము, అదియే చిక్కు. కొన్నేండ్ల క్రిందట వసతిగృహమందలి యొక బాలుడు దీనిని నాకు అప్పగించి, పిమ్మట మెల్లగా నిట్లడిగెను: "అయ్యగారూ, మనకు కొదువ లేదని రోజూ చెప్పుచున్నాము. ఇంట బియ్యము లేవని మా అమ్మ వర్తమాన మంపినది. ఏది నిజమండీ?" ఆ సాయంత్రమే వాని యింటికి బియ్యము పంపితిమి. అది సులువు. జవాబు మాత్రము చెప్పలేకపోతిని.

ఆ కాపరి తిరిగిన నేలను మొదట చూడుడు. దావీదు స్వగ్రామమగు బేత్లెహేము సముద్రమట్టమునకు సుమారు 775 మీటర్ల యెత్తున నున్నది. అచ్చటినుండి తూర్పుగా ముప్పది కిలోమీటర్లైనను పోకమునుపే నేల 1200 మీటర్లు దిగి మృతసముద్రమును చేరును. ఆ వాలంతయు యూదయ అరణ్యము. వానలు చలికాలమందే, మృతసముద్ర తీరమున ఏడాదికి 100 మిల్లీమీటర్లైనను కురియదు. కాబట్టి పచ్చిక యనగానే మన గోదావరి లంకలను తలంచరాదు. వానల వెనుక కొన్ని వారములు కొండచరియలు పచ్చబడి, ఎండ ముదిరినంతనే మాడిపోవును. తరువాత రాళ్ల సందులలో నొక్కొక్క పోచను వెదకుకొనవలెను. మేత యెచ్చట నున్నదో గొఱ్ఱె యెరుగదు, కాపరి యెరుగును. ఈ కీర్తనలోని సమృద్ధి గాదె నిండిన ధాన్యము కాదు. ఆ పూటకు చాలిన మేత.

ఆ వాలును లోతైన కనుమలు చీల్చుచున్నవి. యెరూషలేమునుండి యెరికోకు దిగు దారి చెంత నున్న వాదీ కెల్ట్ అట్టిదే. నాల్గవ వచనమందలి లోయను గూర్చిన హెబ్రీ మాటను 1611 నాటి ఆంగ్లానువాదము మరణపు నీడగా గ్రహించెను. మన తెలుగు బైబిలు గాఢమైన చీకటిగా గ్రహించెను. రెండును తగినవే. అయితే నేను చాలకాలము గమనింపని సంగతి వేరొకటి కలదు. మొదటి మూడు వచనములలో కవి దేవుని గూర్చి "ఆయన" యని యితరులకు చెప్పుచున్నాడు. లోయలో అడుగు పెట్టగానే "నీవు" అని ఆయనతోనే మాటలాడుచున్నాడు. పచ్చికలో నుండగా బోధ, చీకటిలో ప్రార్థన.

విందు సంగతియు నట్టిదే. శత్రువులు వెడలిపోయిన పిదప కాదు, వారు చూచుచుండగానే బల్ల సిద్ధమగుచున్నది. లోయ లేదనిగాని, పగవారు లేరనిగాని ఈ కీర్తన యెచ్చటను చెప్పదు. కడపట కృపాక్షేమములు వెంట వచ్చుటను చెప్పు హెబ్రీ క్రియ, శత్రువును తరుముటకు వాడునదే. మనలను తరుమునది ఆకలి యొక్కటే కాదని కవి యెరుగును.

ఆ బాలుడు అప్పగించునప్పుడు నాల్గవ వచనమువద్ద క్షణకాల మాగెను. మరచెనేమో యని నేను మాట యందించితిని. ఇప్పుడు తలంచుకొనగా, వాడు మరువలేదనిపించుచున్నది.