అగస్త్యతారా విక్షేపము – వ్యోమనౌకా దిఙ్నిర్ణయము

కాళిదాసు రఘువంశ చతుర్థసర్గమున శరత్తును వర్ణించుచు, అగస్త్యోదయముచే జలములు తేటపడుటను చెప్పినాడు. కావ్యపాఠమున మనమందరమును ఆ శ్లోకమునొద్ద నిలిచి, వ్యాఖ్య చెప్పి ముందునకు సాగుదుము. ఆ తార ఆకాశమున ఎచ్చట నున్నదని అడుగు విద్యార్థి అరుదు. పాఠశాలలో నేనును అడుగలేదు. సిద్ధాంతశ్లోకము బాల్యముననే కంఠస్థమైనది. తారను గుర్తించుట మాత్రము ముప్పది యేండ్లు దాటిన పిమ్మటనే.

సూర్యసిద్ధాంతము నక్షత్రగ్రహయుత్యధికారమున అగస్త్యుని మిథునాంతమున నిలిపి, దక్షిణవిక్షేపము 80 అంశలనినది. 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో ధ్రువకమును 87, శరమును 77 అంశలుగా చెప్పినాడు. కానోపస్ అను పేర దీని నెరిగిన నేటి జ్యోతిర్విదుల గణనము సుమారు 75 అంశల 50 కలలు. సిద్ధాంతవిక్షేపము ధ్రువప్రోతవృత్తము మీదను, నేటిది కదంబప్రోతవృత్తము మీదను కొలువబడుటయే ఈ భేదమునకు హేతువని సమాధానము చెప్పవచ్చునా? చెప్పరాదు. మిథునాంతమున ఆ రెండు వృత్తములును ఏకీభవించును. కావున 80 స్థూలము, 77 దానికంటె సూక్ష్మము. ఇట్లొప్పుకొనుటవలన శాస్త్రమునకు లాఘవము లేదు.

ఈ మహావిక్షేపమే వ్యోమయానమునకు ఉపకరించినది. గ్రహాంతరములకేగు నౌక ప్రాయికముగా క్రాంతివృత్తతలమునకు సమీపమున చరించును. సూర్యుని గురిగా పెట్టుకొన్నంత మాత్రమున దాని స్థితి నిర్ణయింపబడదు. సూర్యాభిముఖమైన అక్షముచుట్టు అది ఇంకను తిరుగవచ్చును. దానిని నిలుపుటకు సూర్యునకు ఇంచుమించు లంబదిశలోనున్న రెండవ గురి కావలయును. క్రాంతివృత్తమునకు చేరువనున్న తార యొకప్పుడు సూర్యుని ప్రక్కకు వచ్చి నిరుపయోగమగును. అగస్త్యుడో, ఎప్పుడును సూర్యునకు సుమారు 76 అంశలకు తగ్గక, 104 అంశలకు మించక నుండును. పైగా కాంతియందు లుబ్ధకుని తరువాత ద్వితీయుడు. 1964 నవంబరు 28న అమెరికావారు కుజునికడకు పంపిన మారినర్-4 ఈ తారనే గురిగా గైకొన్నది. మొదట దాని యంత్రనేత్రము ఇతర తారలను చూచి భ్రమపడి, పిదప అగస్త్యుని పట్టినది. 1965 జూలైలో అది కుజుని దాటుచు చిత్రములను పంపెను. 1977లో వెడలిన వాయేజర్ నౌకలకును సూర్యాగస్త్యులే దిక్సూచకులుగా ఏర్పరుపబడిరి.

దీనివలన మన పూర్వులు వ్యోమనౌకల నెరుగుదురని సభలలో చెప్పబూనుట తగదు. వారికి నౌకలు లేవు. నలికాయంత్రము, ఓర్పు, తప్పు దిద్దుకొను బుద్ధి యుండెను. వారు కొలిచిన కోణమే నౌకకు కావలసిన కోణమగుట చాలదా?

మాఘమాసమున రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమున, తెలుగుదేశమున దక్షిణక్షితిజమునకు సుమారు 20 అంశల ఎత్తున అగస్త్యుడు యామ్యోత్తరవృత్తమును దాటుచుండును. చాచిన చేతి పిడికిలి సుమారు 10 అంశలు. ఒకదానిపై నొకటిగా రెండు పిడికిళ్లు నిలిపి చూపిన విద్యార్థికి తెలియును. రఘువంశము ఆ మరునాడు చెప్పవచ్చును.